షంటింగ్ ఇంజను ఎంత పెద్దది?

ఎర్రగుంట్ల స్టేషన్లో పట్టాల జత మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. పాత కొలతలో ఐదున్నర అడుగులు. అంటే మన వైపు ఓ మోస్తరు పొడుగున్న మనిషి నిలువెత్తు. దేశంలో బ్రాడ్‌గేజ్ లైను ఎక్కడున్నా ఇంతే. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, మన బ్రాడ్‌గేజ్ ఇంజను ఫొటో ఏది కనబడినా అందులోనే కొలబద్ద ఉన్నట్టు. పట్టాల నడుమ ఖాళీని మనిషి ఎత్తుగా తీసుకుని, ఇంజను దానికి ఎన్నింతలుందో లెక్క వేసుకోవచ్చు.

ఈ కొలబద్ద పెట్టి చూసినప్పుడు మన అంచనాను బాగా తలకిందులు చేసేది ఆవిరితో నడిచిన షంటింగ్ ఇంజను. ఎక్స్‌ప్రెస్ ఇంజను మీద కథలున్నాయి, సినిమాలున్నాయి. షంటింగ్ ఇంజను యార్డు దాటి పోలేదు. వ్యాగన్లను ముందుకు తోస్తూ, వెనక్కి లాగుతూ అక్కడే అరిగిపోయింది. దాన్ని చిన్నింజను అనడం అందరికీ అలవాటు. దాని నమూనా బొమ్మను అరచేతిలో పెట్టుకుంటే ఆ అలవాటు ఇంకా బలపడుతుంది. అయితే అదే బొమ్మను చూసే పద్ధతిలో చూస్తే, అసలు ఇంజను పక్కన నిలబడితే మెడ ఎంత ఎత్తాల్సి వచ్చేదో కూడా అదే చెబుతుంది.

నమూనాల అవసరం మన ప్రాంతానికి కాస్త ఎక్కువే. మద్రాసు రైల్వే కంపెనీ వేసిన లైను కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు చేరి, 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన జి.ఐ.పి. రైల్వేతో కలిసింది. ఎర్రగుంట్లకు ఆవిరి ఇంజను పరిచయం అంత పాతది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు సంగతి వేరు. ఎర్రగుంట్ల–నంద్యాల లైను పూర్తిగా అందుబాటులోకి వచ్చింది 2016లో. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ పని 1995తోనే ముగిసింది. ఆ రెండు పట్టణాలకూ రైలు కూత వినబడేసరికి పొగబండి పోయి ఇరవై ఏళ్లయిందన్నమాట. పులివెందులకైతే ఇప్పటికీ రైలే లేదు. చిలమకూరు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరా, కలమళ్ల పక్కనున్న థర్మల్ కేంద్రం దగ్గరా పెరిగిన కుర్రవాళ్లు చూసింది డీజిలు ఇంజన్లు, కరెంటు ఇంజన్లు మాత్రమే. నలభై ఏళ్లలోపు వాళ్లకు షంటింగ్ చేస్తున్న ఆవిరి ఇంజను కంటితో చూసిన జ్ఞాపకం ఉండే అవకాశం తక్కువ. వాళ్లకు మిగిలింది ఫొటో, సినిమా, నమూనా.

ముందు షంటింగ్ ఏమిటో చూద్దాం. ఇప్పుడు సిమెంటు రైలు ఒక చోట నిండితే, మొత్తం బండి ఒకే ఊరికి పోతుంది. మధ్యలో విడదీసే పని తక్కువ. వెనకటి రోజుల్లో అలా కాదు. ఒకే గూడ్సు బండిలో నాపరాళ్ల వ్యాగను ఒక ఊరిది, వేరుశనగ వ్యాగను ఇంకో ఊరిది, ఎరువుల వ్యాగను మరో ఊరిది. నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లు, ఒక్కొక్కటి ఇరవై టన్నుల పైచిలుకు సరుకు పట్టేవి. పెద్ద జంక్షను చేరగానే బండిని ముక్కలు చేసి, ఏ వ్యాగను ఏ దారిన పోవాలో ఆ లైన్లోకి తోసి, కొత్త బండ్లుగా కూర్చాలి. గుంతకల్లు లాంటి జంక్షన్లలో ఈ పని రాత్రీ పగలూ ఆగేది కాదు. సుదూరం పోయే ఇంజనుకు ఈ పని అప్పజెబితే దాని సమయం వృథా. అందుకని యార్డుకే అంకితమైన ఇంజన్లు ఉండేవి.

ఆ పనికి వేగం అక్కర్లేదు. గంటకు పది పదిహేను కిలోమీటర్లు చాలు. కావాల్సింది ఆగిపోయి ఉన్న బరువును కదిలించే బలం, కదిలిన దాన్ని ఆపే పట్టు, ముందుకూ వెనక్కూ సమానంగా నడిచే వీలు. ఈ మూడు అవసరాలే దాని ఆకారాన్ని తీర్చాయి.

చక్రం సంగతి తీసుకోండి. సిలిండరులో ఆవిరి ఒక్కో తోపుతో చక్రాన్ని తిప్పుతుంది. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఇంజను ఎక్కువ దూరం పోతుంది, వేగం వస్తుంది. చిన్నదైతే దూరం తగ్గుతుంది, ఆ మేరకు లాగే బలం పెరుగుతుంది. కాబట్టి షంటింగ్ ఇంజనుకు చిన్న చక్రాలు. ఇక రెండోది. ఎక్స్‌ప్రెస్ ఇంజనుకు ముందు నాలుగు చిన్న చక్రాలు, వెనక రెండు ఉంటాయి. అవి వంపుల్లో దారి చూపడానికి, బరువు మోయడానికి తప్ప లాగడానికి కాదు. షంటింగ్ ఇంజను ఆ చక్రాలను వదిలేసింది. బరువంతా లాగే చక్రాల మీదే పడుతుంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం జారకుండా పట్టి ఉంచగలిగేది, పొడి వాతావరణంలో, దాని మీద పడ్డ బరువులో దాదాపు నాలుగో వంతు. బరువు ఎంత ఎక్కువ పడితే పట్టు అంత. షంటింగ్ ఇంజను పొట్టిగా కనబడడానికి కారణం ఇదే. ముందూ వెనకా సాగిన భాగాలు కోసేశారు, బరువును మాత్రం వదల్లేదు.

ఉదాహరణకు బ్రిటన్‌లో 'జింటీ' అని ముద్దుపేరున్న ఆరు చక్రాల ట్యాంకు ఇంజను. నీళ్లు వెనక తగిలించే టెండరు బండిలో కాకుండా బాయిలరుకు రెండు పక్కలా తొట్టెల్లో మోస్తుంది కాబట్టి ట్యాంకు ఇంజను. 1924 నుంచి 1931 వరకు ఇలాంటివి 422 తయారయ్యాయి. నమూనా రైళ్ల కంపెనీలు దశాబ్దాలుగా దీని బొమ్మలు అమ్ముతున్నందువల్ల, అసలుదాన్ని ఎన్నడూ చూడని వాళ్లకు కూడా ఇది తెలుసు. పొడవు 9.6 మీటర్లకు కాస్త తక్కువ. బరువు 50 టన్నులు. చక్రం 4 అడుగుల 7 అంగుళాలు, అంటే 1397 మిల్లీమీటర్లు.

యాభై టన్నులంటే వెయ్యి సిమెంటు బస్తాలు. చిలమకూరు వాళ్లకు అంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు. ఆ వెయ్యి బస్తాల బరువు పది మీటర్లు కూడా లేని చోట, ఆరు చక్రాల మీద కూర్చుంది.

ఇప్పుడు ఆ 'చిన్న' చక్రం పక్కన మన ఐదున్నర అడుగుల మనిషిని నిలబెడదాం. చక్రం పైఅంచు అతని భుజం దాకా వస్తుంది. మన దేశంలో 1950 నుంచి 1970 దాకా రెండు వేల నాలుగు వందలకు పైగా తయారైన డబ్ల్యు.జి. గూడ్సు ఇంజను చక్రం 5 అడుగుల ఒకటిన్నర అంగుళం. అది అతని కళ్లకు సమానం. బుల్లెట్ ముక్కున్న డబ్ల్యు.పి. ఎక్స్‌ప్రెస్ ఇంజను చక్రం 5 అడుగుల 7 అంగుళాలు. అది అతని తల మీదికి ఒక అంగుళం లేస్తుంది. దేశంలోనే పేరున్న ఎక్స్‌ప్రెస్ ఇంజనుకూ యార్డులో పాకులాడే ఇంజనుకూ చక్రంలో ఉన్న తేడా, మనిషి శరీరం మీద కొలిస్తే, భుజం నుంచి నడినెత్తి దాకా. అంతే. కాగితం మీద రెండు ఇంజన్ల బొమ్మలు పక్కపక్కన వేసినప్పుడు ఇది తట్టదు.

లాగే బలం లెక్క కూడా చూడండి. జింటీ బలం దాదాపు తొమ్మిదిన్నర టన్నులు. నిలిచి ఉన్న బండిని చదునైన పట్టా మీద కదిలించడానికి టన్నుకు పది కిలోల దాకా బలం కావాలనుకుంటే, లెక్క ప్రకారం అది తొమ్మిది వందల టన్నులను కదిలించగలదు. ఈనాడు సిమెంటు మోసే పెద్ద వ్యాగను నిండుగా ఉంటే 91 టన్నుల పైచిలుకు. అలాంటివి పది. దాదాపు వందేళ్ల కిందటి 'చిన్నింజను' ఇది.

అమెరికాకు పోతే చిన్న అనే మాటే నిలవదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడి ప్రభుత్వం రైళ్లను తన చేతుల్లోకి తీసుకుని కొన్ని ప్రామాణిక ఇంజన్లు రూపొందించింది. వాటిలో యార్డు పనికి వేసిన ఎనిమిది చక్రాల ఇంజను టెండరు కలపకుండానే వంద టన్నులకు దగ్గర. మన డబ్ల్యు.జి. కూడా టెండరు వదిలేస్తే సుమారు అంతే. మన దేశం లక్షల టన్నుల బొగ్గు మోయించుకున్న గూడ్సు ఇంజనుతో సమానమైన బరువును వాళ్లు యార్డులో వ్యాగన్లు సర్దడానికి వాడారు. పైగా ఆ బరువు మొత్తం నాలుగు జతల చక్రాల మీదే. చక్రం మాత్రం 51 అంగుళాలు, జింటీ కంటే చిన్నది. నమూనా రైళ్లు సేకరించేవాళ్లు దీన్ని పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజను పక్కన పెట్టి పొట్టిది అనుకుంటారు. ఒక మనిషి బొమ్మను, ఒక మామూలు వ్యాగన్ను దాని పక్కన పెట్టిన రోజున వాళ్లకు అసలు విషయం బోధపడుతుంది.

మన దేశంలో ఇంకో తమాషా ఉంది. యార్డు కోసమే ప్రత్యేకంగా కట్టిన ఇంజన్లు ఉన్నా, ఎక్కువ యార్డుల్లో ఆ పని చేసింది వయసు మళ్లిన గూడ్సు ఇంజన్లే. బ్రిటిషు కాలపు ప్రమాణాల ప్రకారం వచ్చిన పాత గూడ్సు ఇంజన్లు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా, కెనడాల నుంచి దిగిన ఎ.డబ్ల్యు.డి., సి.డబ్ల్యు.డి. తరగతులు, మెయిన్ లైనులో కొత్త ఇంజన్లు రాగానే యార్డులకు దిగాయి. కాబట్టి పాత తరం రైల్వేవాళ్లు షంటింగ్ ఇంజను అన్నప్పుడు, చాలాసార్లు దాని అర్థం టెండరుతో కలిపి ఇరవై మీటర్లు దాటిన పూర్తి స్థాయి ఇంజను. అది చిన్నదవడానికి అవకాశమే లేదు. చేసే పని చిన్నదని లోకం అనుకుంది, ఇంజను కూడా చిన్నదైపోయింది.

చూసిన వాళ్లకు సైతం దాని పరిమాణం సరిగా అందకపోవడానికి ప్లాట్‌ఫారం ఒక కారణం. పెద్ద స్టేషన్లలో ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా మీదినుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు ఉంటుంది. అక్కడ నిలబడితే ఇంజను చక్రంలో సగానికి పైగా కనబడదు. మన కాళ్లు ఇంజను నడుం దగ్గర ఉంటాయి. పట్టాల పక్కన కంకర మీద నిలబడి చూసేది పాయింట్స్‌మన్, గ్యాంగ్‌మన్, షంటింగ్ పోర్టర్. ఇంజను నిజంగా ఎంత ఉందో తెలిసింది వాళ్లకే.

ఇక నమూనా దగ్గరికి వద్దాం. స్కేలు అంటే తగ్గింపు నిష్పత్తి. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయే హెచ్.ఓ. స్కేలులో అసలును 87 వంతులు చేసి ఒక వంతు తీసుకుంటారు. బ్రిటిషు వాళ్ల ఓ.ఓ. స్కేలులో 76 వంతులు. అంటే అసలులో ఒక అడుగు, నమూనాలో 4 మిల్లీమీటర్లు. ఓ.ఓ. స్కేలులో జింటీ పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. చక్రం 18 మిల్లీమీటర్లు. మన ఐదున్నర అడుగుల మనిషి 22 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి చివరి కణుపు కంటే పొట్టి.

అరచేతిలో ఇంతటి వస్తువు ఇమిడిపోతే మెదడు దాన్ని బొమ్మ అనుకోవడంలో తప్పేముంది? కానీ మెదడును అలా అనుకునేలా చేస్తున్నవి మూడు సంగతులు. వాటిని ఒక్కొక్కటే విప్పితే బొమ్మ పెరుగుతుంది.

మొదటిది దూరం. నమూనాను మనం మామూలుగా 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాం. 76 రెట్లు పెంచితే అది దాదాపు 23 మీటర్లు. అసలు ఇంజను అయినా 23 మీటర్ల దూరంలో ఉంటే అంతే కనబడుతుంది. బొమ్మ తప్పు చూపించడం లేదు, మనం దూరంగా నిలబడ్డాం. రెండు మీటర్ల దగ్గర నిలబడ్డ అనుభవం కావాలంటే కన్ను నమూనాకు 26 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. మనిషి కంటికి అంత దగ్గరి వస్తువు స్పష్టంగా ఆనదు. ఇరవై ఐదు సెంటీమీటర్ల కంటే దగ్గరికి వస్తే పెద్దవాళ్లకు చూపు మసకబారుతుంది.

రెండోది ఎత్తు. బల్ల మీద పెట్టిన నమూనాను నిలబడి చూస్తే, దాదాపు ఇరవై అంతస్తుల మేడ పైనుంచి యార్డును చూస్తున్నట్టు లెక్క. అక్కడినుంచి ఏ ఇంజనూ భయపెట్టదు. పట్టా పక్కన నిలబడ్డ మనిషి కన్ను నేల నుంచి సుమారు 1.6 మీటర్ల ఎత్తున ఉంటుంది. నమూనాలో అది 21 మిల్లీమీటర్లు. గడ్డం బల్లకు ఆనించినా కన్ను ఇంకా ఆ మనిషి తలకు చాలా పైనే ఉంటుంది. బల్ల అంచు దగ్గర ఇంజనును పెట్టి, కళ్లు బల్లకు సమంగా వచ్చేలా మోకాళ్ల మీద కూర్చోవాలి.

మూడోది మన రెండు కళ్లు. వాటి మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. రెండు కళ్లకూ కొద్దికొద్ది తేడాతో కనబడే రెండు బొమ్మలను కలిపి మెదడు లోతు కొలుస్తుంది. దూరంగా ఉన్న పెద్ద వస్తువు విషయంలో ఆ తేడా చాలా తక్కువ. నమూనా విషయంలో చాలా ఎక్కువ. 76 రెట్లు పెంచితే మన కళ్ల మధ్య దూరం దాదాపు ఐదు మీటర్లు. అంత ఎడమున్న కళ్లతో చూస్తే పెద్ద రైలు యార్డు కూడా బొమ్మల కొలువే. కనుక ఒక కన్ను మూయండి. వెర్రిగా అనిపించినా ఫలితం వెంటనే తెలుస్తుంది.

ఈ మూడు చిక్కులనూ ఒకేసారి తీర్చే పరికరం మనందరి జేబులో ఉంది. సెల్‌ఫోను కెమెరా ఒంటి కన్ను. దాని కటకం చిన్నది కాబట్టి పట్టా ఎత్తుకు దించవచ్చు. చాలా ఫోన్లు ఎనిమిది పది సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా తీస్తాయి, దగ్గరి వస్తువుల కోసం ప్రత్యేక అమరిక ఉన్నవి ఇంకా దగ్గరగా తీస్తాయి. ఫోనును తలకిందులు చేసి, కెమెరా బల్లకు తగిలేలా పెట్టి, ఇంజను ముందు మూల నుంచి ఒక ఫొటో తీయండి. తెర మీద బఫర్లు ముందుకు పొడుచుకు వస్తాయి, పొగగొట్టం ఆకాశంలోకి లేస్తుంది, డ్రైవరు గది మెట్టు ఎక్కడానికి కాలు ఎంత ఎత్తాలో అర్థమవుతుంది. నమూనా చేసేవాళ్లు ఫొటోల్లో ముందూ వెనకా అంతా స్పష్టంగా రావాలని తాపత్రయపడేది కూడా ఇందుకే. ఒక భాగం స్పష్టంగా ఉండి మిగతాది మసకైతే, కన్ను అది చిన్న వస్తువని వెంటనే పట్టేస్తుంది.

మన సినిమావాళ్లకు ఈ విద్య పాతదే. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ద్వారకా నగరం కోసం మార్కస్ బార్ట్లే పర్యవేక్షణలో కళాదర్శకులు గోఖలే, కళాధర్ మూడు వందల బుల్లి ఇళ్లు కట్టి, వాటికి విడివిడిగా దీపాలు పెట్టించారు. తెర మీద అది నగరమైంది. కెమెరా కన్ను ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్ల పని అది.

కదలిక దగ్గర ఇంకో మెలిక. అసలు ఇంజను గంటకు పది కిలోమీటర్ల వేగంతో షంటింగ్ చేస్తుంటే, ఓ.ఓ. నమూనా సెకనుకు మూడున్నర సెంటీమీటర్ల చొప్పున కదలాలి. మీటరు పట్టా దాటడానికి అర నిమిషానికి కాస్త తక్కువ పడుతుంది. పిల్లలు నడిపే వేగానికి ఇది నత్తనడక. కానీ ఆ నడకలోనే బరువు కనబడుతుంది. రివ్వున పోయి టక్కున ఆగే ఇంజను ఎంత చక్కగా చేసినా బొమ్మే. వస్తువు పడడం, ఊగడం లాంటి వాటిని నమూనాలతో చిత్రించేటప్పుడు సినిమావాళ్లు కెమెరాను మామూలు కంటే వేగంగా తిప్పి, తెర మీద నెమ్మదిగా చూపిస్తారు. ఎంత వేగంగా అంటే స్కేలుకు వర్గమూలం. 76కు అది తొమ్మిదికి కాస్త తక్కువ. బరువు ఊహను మనకిచ్చేది నెమ్మదితనం.

అసలు బరువును మాత్రం ఏ నమూనా తేలేదు. పొడవు 76 వంతుల్లో ఒక వంతైతే, వెడల్పూ ఎత్తూ కూడా అంతే తగ్గుతాయి. మూడింటినీ గుణిస్తే ఘనపరిమాణం నాలుగు లక్షల నలభై వేల వంతుల్లో ఒకటవుతుంది. యాభై టన్నుల జింటీని అదే లోహంతో, అదే లోపలి ఖాళీలతో చేస్తే తూగేది 114 గ్రాములు. పట్టాలను పట్టుకుని లాగడానికి అది చాలదని తయారీదారులు లోపల అదనపు బరువు దిమ్మ పెడతారు. అంటే చేతికి బరువుగా తగిలే నమూనా నిజానికి ఉండాల్సిన దానికంటే బరువైనది. పరిమాణం మారితే వస్తువు స్వభావమే మారుతుందని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో వివరించిన సూత్రమే ఇది. కొలతల్లో నమూనాను నమ్మవచ్చు, బరువులో నమ్మకూడదు.

కొలతల్లో నమ్మేటప్పుడు కూడా భారతీయ ఇంజన్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. బజారులో దొరికే హెచ్.ఓ., ఓ.ఓ. పట్టాలు రెండింటికీ వెడల్పు 16.5 మిల్లీమీటర్లే. యూరపు, అమెరికా పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే సరిగ్గా సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్‌ను 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన రావాలి. ఎవరో అభిమానపడి చేసిన డబ్ల్యు.పి. నమూనాను దొరికిన పట్టాల మీద పెడితే, ఒళ్లు విశాలంగా, కాళ్లు దగ్గరగా ఉన్నట్టు కనబడడానికి కారణం ఇదే. బ్రిటన్ ఓ.ఓ. నమూనాలు కూడా ఇదే లోపంతో పుట్టాయి. 76 స్కేలుకు 16.5 మిల్లీమీటర్లు ఇరుకు. కాబట్టి ఓ.ఓ. నమూనాలో పట్టాల వెడల్పును కొలబద్దగా తీసుకోవద్దు, మనిషి బొమ్మను తీసుకోండి.

మనిషి బొమ్మ గురించి ఇంకాస్త చెప్పాలి. ఖరీదైన ఇంజను కొని పక్కన ఒక్క మనిషి బొమ్మ కూడా పెట్టని వాళ్లను చూస్తే నాకు చిరాకు. షంటింగ్ ఇంజను పరిమాణం తెలిసేది దాని పక్కన పనిచేసిన మనిషి వల్లే. మన వ్యాగన్లకు స్క్రూ కప్లింగులు ఉన్న కాలంలో, రెండు వ్యాగన్లను కలపాలంటే ఒక మనిషి బఫర్ల కిందుగా వంగి ఆ మధ్యలోకి దూరాలి. బ్రాడ్‌గేజ్‌లో రెండు బఫర్ల నడుమ దూరం 1956 మిల్లీమీటర్లు. బఫరు ఎత్తు పట్టా మీద ఒక మీటరుకు పైన, అంటే అతని పొట్ట దగ్గర. అతను ఆ నడుమ నిలబడి, బరువైన ఇనుప కొక్కేన్ని ఎత్తి అవతలి వ్యాగను కొండీకి తగిలించి, మర తిప్పి బిగించాలి. ఆ సమయంలో ఒక వైపు ఉన్నది వెయ్యి బస్తాల బరువున్న ఇంజను. దాన్ని నడిపే డ్రైవరుకు అతను కనబడడు. గార్డు చెయ్యో, రాత్రయితే లాంతరో చూసి నడపాలి. ప్రపంచమంతటా రైల్వేల్లో వేళ్లు, చేతులు, ప్రాణాలు ఎక్కువగా పోయిన పనుల్లో ఇదొకటి. అమెరికాలో ఆటోమేటిక్ కప్లింగు తప్పనిసరి చేస్తూ 1893లో చట్టం రావడానికి కారణం కూడా ఈ ప్రమాదాలే. ఓ.ఓ. స్కేలులో రెండు వ్యాగన్ల మధ్య 22 మిల్లీమీటర్ల మనిషిని వంచి నిలబెట్టి, వెనక జింటీని ఆనించి ఫోనుతో చూడండి. ఇక దాన్ని చిన్నింజను అనలేరు.

ఈ మనుషులను దృష్టిలో పెట్టుకునే ఆ ఇంజన్లకు కొన్ని ప్రత్యేకతలు వచ్చాయి. అమెరికా యార్డు ఇంజన్ల టెండరు వెనక్కి వాలుగా ఉండేది, వెనక్కి పోయేటప్పుడు డ్రైవరుకు పట్టా కనబడాలని. ముందూ వెనకా అడ్డంగా పలకలు ఉండేవి, పనివాళ్లు వాటి మీద నిలబడి పోవడానికి. నమూనాలో ఆ పలక ఒక సన్నని గీతలా ఉంటుంది. దాని మీద మనిషిని నిలబెడితే, అతని వెనక బాయిలరు గుండ్రటి ముఖం గోడలా లేస్తుంది.

అసలు ఇంజన్లు చూడాలనుకునేవాళ్లకు ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం ఉంది. 1977లో తెరిచారు. అక్కడ అందరూ చుట్టూ మూగేది తెలుగు నేల మీదికి వాల్తేరు దాకా రైళ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే వారి భారీ గారట్ ఇంజను దగ్గర. నన్నడిగితే సింద్రీ ఎరువుల కర్మాగారంలో పనిచేసిన జర్మనీ ఇంజను దగ్గర ఎక్కువసేపు ఆగమంటాను. ఫ్యాక్టరీ ఊళ్లలో పెరిగినవాళ్లకు అది ఇట్టే అర్థమవుతుంది. దానికి నిప్పు లేదు, బొగ్గు లేదు, పొగగొట్టం లేదు. ఫ్యాక్టరీ బాయిలరు నుంచి వేడి నీళ్లను, ఆవిరిని ఒత్తిడితో నింపుకుని, ఆ నిల్వతో కొన్ని గంటలు షంటింగ్ చేసి, మళ్లీ నింపుకోవడానికి వచ్చేది. నిప్పురవ్వ పడకూడని చోట్ల వాడేవారు. పెద్ద ఇనుప పీపాకు చక్రాలు తగిలించినట్టుండే దాన్ని ఫొటోలో చూసి నవ్వుకోవచ్చు, పక్కన నిలబడితే దాని పీపా మన తల మీదుగా ఉంటుంది. చెన్నై పెరంబూరులో, మైసూరులో కూడా రైలు మ్యూజియాలున్నాయి. నడిచే నమూనాల కోసమైతే పుణెలో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది.

అంత దూరం పోలేనివాళ్లకు ఇంకో దారి. ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడుల్లో లెక్కలో, సైన్సో చెప్పే ఉపాధ్యాయులకు ఇది నా విన్నపం. నిష్పత్తుల పాఠం వచ్చిన వారం పిల్లలను మైదానంలోకి తీసుకెళ్లండి. ముగ్గుపిండితో 9.6 మీటర్ల పొడవున ఒక పట్టా గీత గీయించండి. దాని మీద 1.4 మీటర్ల వ్యాసంతో మూడు చక్రాలు వేయించండి. ఆపైన బాయిలరు, తొట్టె, డ్రైవరు గది, పట్టా నుంచి మూడున్నర మీటర్లు దాటిన ఎత్తులో పొగగొట్టం. తరగతిలో పొడుగరి కుర్రవాణ్ని చక్రం పక్కన పడుకోబెట్టండి. అది పూర్తయ్యాక, ఎవరి ఇంట్లోనైనా బొమ్మ ఇంజను ఉంటే తెప్పించి ఆ ముగ్గు పక్కన పెట్టండి. స్కేలు ఎంతో పిల్లలే కొలిచి చెబుతారు.